జువ్వికోన నడకలమ్మ

నల్లమల అడవిలో జువ్వివాగు దాటి రెండు క్రోసులు కాలిబాటన వెళితే జువ్వికోన వస్తుంది. ఇక్కడ వెలసిన నడకలమ్మ కూర్చుని ఉండదు, నిలబడీ ఉండదు. కుడి పాదం ముందుకు వేసి, ఎడమ మడమ ఎత్తి, ముఖం కాస్త పక్కకు తిప్పి నడుస్తూ ఉంటుంది. అమ్మవారు ఇలా ఎందుకున్నదని యాత్రికులు అడుగుతుంటారు.

పూర్వం ఈ సీమను ఏలిన నాయకుడు చెంచులు కొలిచే అమ్మతల్లికి గుడి కట్టదలచి మల్లోజు అనే శిల్పిని పిలిపించాడు. మల్లోజు పేరుమోసిన పనివాడు. కొలతల్లో వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాడు. వాగుగట్టున పాక వేసుకుని మూడు నెలలు శ్రమించి నిలువెత్తు విగ్రహం చెక్కాడు. చెంచుగూడెం పెద్ద బయమ్మవ్వ వచ్చి, దాని చుట్టూ తిరిగి చూసి, "బాగుంది సామీ. మా అమ్మ మాత్రం కాదు" అన్నది.

మల్లోజు ముఖం మాడిపోయింది. "శాస్త్రప్రకారం చెక్కాను అవ్వా. తప్పెక్కడుందో చెప్పు."

"నాకు శాస్త్రం తెలవదు. మా అమ్మ అడవి తిరిగే మనిషి. నువ్వు ఈ పాక దాటి ఒక్కనాడన్నా రాకపోతివి. ఆమెను యాడ చూస్తివి?"

గూడెం ఒప్పని విగ్రహాన్ని ప్రతిష్ఠించేది లేదని నాయకుడు తేల్చి చెప్పాడు. ముప్పై ఏళ్ల పేరు ఒక్క మాటతో పోయిందని మల్లోజు రెండు దినాలు అన్నం ముట్టలేదు. మూడోనాడు సిగ్గు విడిచి బయమ్మవ్వ గుడిసె ముందు నిలిచాడు. "ఉలి ఈడ పెట్టి రా" అని మాత్రం చెప్పి ఆమె అడవిదారి పట్టింది.

మొదట్లో అతనికి అడవి అంతా చెక్కదగిన రాళ్లుగానే కనిపించింది. ఆమె వంగి చూసే చీమల బారును, బురదలో ఎలుగుబంటి అడుగును అతను దాటిపోయేవాడు. పాదాలు బొబ్బలెక్కి నడక మందగించాక చూపు నిలవసాగింది. నెల తిరిగేసరికి గాలి ఏ చెట్టు మీదుగా వస్తున్నదో ఆకుల చప్పుడును బట్టి చెప్పగలిగాడు. ఉలి సంగతే మరచాడు.

ఒక మధ్యాహ్నం మద్దిచెట్టు కింద కునుకు పట్టగా, కలలో ఒక స్త్రీ అతనికి ముందు నడుస్తున్నది. వీపు మాత్రమే కనిపిస్తున్నది. "తల్లీ, ఒక్కసారి నిలబడు. నీ ముఖం చూసి చెక్కుకుంటాను" అని వేడుకున్నాడు. ఆమె ఆగలేదు. "నా పక్కకు రా, కనిపిస్తాను" అన్నది. అతను పరుగున వెళ్లి అడుగు కలిపాడు. అప్పుడామె, తోడు నడిచేవారిని పలకరించినట్టు, ముఖం ఇటు తిప్పింది.

లేచిన మల్లోజు కోనలోని బండమీదనే ఆ రూపాన్ని చెక్కాడు. పని ముగిసిననాడు బయమ్మవ్వ వచ్చింది. ఈసారి చుట్టూ తిరగలేదు. అమ్మవారి పక్కన నిలిచి, "పోదాం పద తల్లీ" అన్నది. మల్లోజు కళ్లు తుడుచుకున్నాడు.

నేటికీ అర్చకత్వం బయమ్మవ్వ వంశీకులదే. తరువాత గూడెం ఒప్పగా వాగుగట్టున నిలిపిన మొదటి విగ్రహమూ పూజలందుకుంటున్నది. నడక అక్కడే మొదలవుతుంది. ఆపైన బండ్లు రాకూడదు. శిల్పులు, చిత్రకారులు, పాటలు కట్టేవారు కొత్త పనికి ముందు ఈ బాట నడిస్తే చేతికి అమ్మ తోడుంటుందని విశ్వాసం. తీర్థం ఇచ్చే ముందు అర్చకుడు ప్రతివారినీ "దారిలో ఏం చూశావు?" అని అడుగుతాడు. ఉడుతనో, రాలిన ఈకనో చెప్పినా చాలు. ఏమీ చూడలేదని తలవంచుకునేవారూ ఉంటారు. వారి దోసిట కూడా తీర్థం పోసి, "తిరుగుదారి ఉన్నది కదా, నెమ్మదిగా వెళ్లు" అని పంపుతాడు.