మరిగే చారులో అవధాని గారి బిరుదులు

కుసుమగిరి రాజు పెదమల్ల భూపతి, తనకు అర్థం కాని మాట ఒకటి చెవిన పడితే ఆ పూట ఎవరినీ నిలవనీయడు. అందుకే సభలో పండితులంతా ఆయనకు అర్థమయ్యేవే మాట్లాడేవారు.

ఒకరోజు ఎవరో బాటసారి వచ్చి చెప్పాడు. సృష్టి మొదట్లో క్వార్కులు, గ్లూఆన్లు అనే సూక్ష్మకణాలు మరిగే చారులా కలిసి ఉండేవట. ఆ చారులోంచి దూసుకుపోయే క్వార్కుల్లో బరువైనవి తేలికవాటికన్నా తక్కువ శక్తి పోగొట్టుకుంటాయట.

"ఎందుకు?" అన్నాడు రాజు. బాటసారి అప్పటికే ఊరు దాటేశాడు.

ఆస్థాన పండితుడు భైరవావధాని లేచాడు. మనిషి చీపురుపుల్ల, బిరుదులు మాత్రం బండెడు.

"శుద్ధ అబద్ధం ప్రభూ! లావుపాటివాడే ముందు అలిసిపోతాడు."

చమత్కారాలు చెప్పడానికే జీతం తీసుకునే పుల్లమాంబ ఫక్కున నవ్వింది. నవ్వాక గానీ చూసుకోలేదు, రాజు తనవైపే చూస్తున్నాడని.

"నవ్వావుగా, నువ్వే చెప్పు. చెప్పలేకపోతే రేపటినుంచి కొలువుకు రాకు."

పుల్లమాంబ కిటికీలోంచి చూసింది. కోట ముంగిట పండగ భోజనాలకు జనం తోసుకుంటున్నారు. మళ్ళీ అవధానిని చూసింది. ప్రాణం లేచొచ్చింది.

"చారు బయటే మరుగుతోంది ప్రభూ, ఆ జనమే! అవధాని గారినీ, మన వస్తాదు సూరన్ననూ కోట వాకిలి నుంచి ఆ జనంలో పడి సభదాకా ఒకే ఊపున పరుగెత్తించండి. ఎవరిలో సత్తువ మిగులుతుందో చూద్దాం."

"ఆ ఏనుగుతో నాకు పోటీయా?" అంటూ అవధాని పంచె ఎగగట్టాడు.

కాసేపటికి సూరన్న వచ్చేశాడు, కాస్త ఒగరుస్తూ.

"ఎవరూ తగల్లేదా?" అన్నాడు రాజు.

"తగిలారు దొరా. తగిలినప్పుడల్లా కొంచెం ఊపు తగ్గింది. నేను మాత్రం పక్కకు తిరగలేదు."

అవధాని రాలేదు. ఆయన గొంతు వచ్చింది.

"ఓరి మొద్దూ! ఎవర్ని తోశావో తెలుసా? పండిత శార్దూలాన్ని! శాస్త్ర సముద్రాన్ని!"

ఎవరు తగిలినా ఆ బక్క ప్రాణం గిర్రున తిరిగేది. తిరిగిన చోటల్లా బిరుదులన్నీ వల్లించేది. వడ్డించేవాడొకడు పాపం, మర్యాదకు గరిటె పట్టుకుని చివరిదాకా విన్నాడు.

ఎట్టకేలకు సభకు వచ్చి అవధాని స్తంభానికి చేరగిలబడ్డాడు.

"నీ శక్తంతా ఏమైందయ్యా?" అన్నాడు రాజు.

అవధాని పెదవులు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

పుల్లమాంబ చేతులు జోడించింది.

"దారి పొడుగునా వెదజల్లి వచ్చారు ప్రభూ! తేలికవాడు తాకితే తిరుగుతాడు, తిరిగితే వెదజల్లుతాడు. బరువైనవాడు అంత తిరగడు, అంత వెదజల్లడు. తాకిడికి పోయేదే అతనికి ముఖ్య నష్టం. క్వార్కులదీ ఇదే సంగతి. కాకపోతే వాటికి బిరుదులుండవు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే తన ముత్యాల హారం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అభ్యంతరం చెప్పడానికి అవధాని చెయ్యెత్తాడు గానీ, గొంతు రావాలిగా!