కాకులగుట్ట మీది విడిదీపం

ఏ కాలం మాటో నన్నడక్కండి పిల్లలూ. కుంభగిరి అనే రాజ్యాన్ని మణిధ్వజుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, నడిపివాడు గుణసాగరుడు, చిన్నవాడు పింగళుడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. వసంతోత్సవం నాడు రాజు, రాణి, మంత్రి, సేనాపతి అందరూ ఒకే మండపంలో కూర్చుంటారు కదా. ఆ రోజున రాజు కొడుకుల్లో ఒకడు మాత్రం అక్కడ ఉండకూడదు. దూరాన కాకులగుట్ట మీద చిన్న కోట ఉంది, అందులో ఉండాలి. అతని దగ్గర రెండో రాజముద్ర, రాజ్యం పటం, జీను వేసిన గుర్రం సిద్ధంగా ఉండాలి. ఎందుకంటారా? పిడుగే పడనీ, మండపమే కూలనీ, రాజ్యం ఒక్క పూట కూడా దిక్కులేకుండా ఉండకూడదని. అలా ఉన్నవాణ్ణి 'విడిదీపం' అనేవారు.

పెద్దవాడు తండ్రికి కుడిపక్క కూర్చోవాలి. నడిపివాడు ఎడమపక్క కూర్చోవాలి. ఇంక మిగిలిందెవరు? పింగళుడు! ఏడేళ్ల వయసు నుంచీ ప్రతి ఏడూ వాడే విడిదీపం.

గుట్ట మీద గోడెక్కి, దూరాన డప్పులు వింటూ, కడుపులో కుంపటి పెట్టుకుని కూర్చునేవాడు పాపం.

"ఈపాటికి వడ్డన మొదలై ఉంటుంది. పెద్దన్నయ్య రెండో అరిసె తింటుంటాడు" అనేవాడు.

"రెండోదా? అయిదోది నాయనా! ఆయన తిండి నాకు తెలీదూ?" అనేది కోట కాపలా ముసలమ్మ నాంచారమ్మ. "నువ్వు ఈ అంబలి తాగు."

పింగళుడు సగం తాగి, సగం అక్కడి కాకికి పోసేవాడు.

ఇలా పదకొండేళ్లు గడిచాయి. పన్నెండో ఏడు ఏమైందంటే, కాలకంబళుడనే మాంత్రికుడు విందు మధ్యలో ఊడిపడ్డాడు. వాడిదీ ఈర్ష్యే. జనం మణిధ్వజుడికి జేజేలు కొడుతుంటే వాడికి ఒళ్లు మండిపోయేది. గుప్పెడు మంత్రభస్మం చల్లాడు. అంతే! రాజు శిల, రాణి శిల, చేతిలో అరిసెతో పెద్దకొడుకు శిల, పక్కనే నడిపివాడూ శిల.

మాంత్రికుడు సింహాసనమెక్కి, "నేనే రాజుని! కోటగుమ్మాలు మూయండి!" అన్నాడు.

బయటున్న కొత్వాలు కదల్లేదు. "ముద్ర చూపించు."

రాజుగారి వేలికున్న ముద్ర కూడా రాయైపోయింది మరి!

"ముద్ర లేని మాట మేం వినం. రెండో ముద్ర గుట్ట మీద ఉంది. అక్కడి నుంచి ఆజ్ఞ వస్తే వింటాం" అన్నాడు కొత్వాలు. భటులు కత్తులు దూశారు గానీ, ఏ కత్తీ మాంత్రికుడికి దిగలేదు. వాడి దగ్గరా భస్మం అయిపోయింది. మళ్లీ కాచాలంటే మూడు నెలలు. ఈసారి గుట్ట మీదే చల్లుతానని పళ్లు కొరుకుతూ మండపంలోనే పొయ్యి పెట్టుకున్నాడు.

కబురు గుట్టకి చేరింది. పింగళుడికి ముందు ఏమనిపించిందో చెప్పనా? 'బాగా అయింది' అనిపించింది. మరుక్షణం సిగ్గేసింది. అయినా ముద్ర వేలికి పెట్టుకున్నాడు. మూడు రోజులు అందరూ వచ్చి దండాలు పెట్టారు, 'ప్రభూ' అన్నారు. ఎంత బాగుందో! నాలుగో రోజు వెండి పళ్లెంలో అరిసెలు చేయించుకున్నాడు. నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. చూసి కుళ్లుకోవడానికి అన్నల్లో ఒక్కడైనా లేడే!

"నాంచారమ్మా, వాళ్లు లేకపోతే రాజునై ఏం లాభం?"

"వాళ్లు లేస్తే నువ్వు మళ్లీ మూడోవాడివే నాయనా."

"తెలుసులే. అదే మండుతోంది. అయినా వాళ్లని లేపుతాను."

అప్పుడు కాకి పలికింది. "నీ అంబలి తాగినదాన్ని, నిజం చెప్తా. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల దీవిలో, ఒక చిలక దగ్గర ఉంది. నా నేస్తం తాబేలు నిన్ను మోసుకెళ్తుంది."

కానీ విడిదీపం ఇంకొకర్ని నిలబెట్టకుండా గుట్ట దిగకూడదు. పింగళుడు ముద్ర తీసి నాంచారమ్మ చేతిలో పెట్టాడు. "ఓరి నాయనో, నేనా!" అంటూనే ఆవిడ కొంగు బిగించింది.

కాకి ముందు ఎగురుతుంటే, ఏడు రోజుల్లో ఏడు సముద్రాలూ దాటారు. దీవిలో ఒక మేడ. దాని చుట్టూ మొసలి, కొండచిలువ, సింహం కాపలా. పింగళుడికి కత్తి తిప్పడం అంతంతమాత్రమే గానీ, ఈర్ష్య ఎలా పుడుతుందో వాడికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? కాకి చెవిలో మూడు మాటలు చెప్పి పంపాడు.

కాకి మొసలితో, "నువ్వు ఎండలో, వాళ్లు నీడలోనా?" అంది.

కొండచిలువతో, "సింహానికి రెండు దున్నపోతులట, నీకు ఒకటేనా?" అంది.

సింహంతో, "మాంత్రికుడు మెచ్చుకునేది నిన్ను కాదట, ఆ మొసలినట!" అంది.

ఇంకేముంది! మూడూ ఒకదానిమీద ఒకటి పడి కొట్టుకుంటుంటే, పింగళుడు నెమ్మదిగా లోపలికి నడిచిపోయాడు.

బంగారు పంజరంలో చిలక మొహం ముడుచుకుని కూర్చుంది. "మా అయ్య ఎక్కడెక్కడో విందులు తిరుగుతాడు. నన్ను ఇక్కడే పడేశాడు. పన్నెండేళ్లయింది" అంది.

"నాకూ పన్నెండే" అన్నాడు పింగళుడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వారు.

"వాడి ప్రాణం నా మెడలో ఉన్న ఈ పూసలో ఉంది. నన్ను చంపక్కర్లేదు, పూస తెంపు" అంది చిలక.

"మొత్తం ప్రాణం ఈ ఒక్క పూసలోనేనా? ఇంకోచోట విడిగా దాచుకోలేదా?"

"లేదు."

"ఓరి తెలివితక్కువ మాంత్రికుడా!" అని పింగళుడు పూసని తెంపి కాలికింద నలిపేశాడు. అక్కడ కాలకంబళుడు పొయ్యి పక్కనే కుప్పకూలాడు. శిలలన్నీ మనుషులై లేచాయి.

పింగళుడు తిరిగొచ్చాక నాంచారమ్మ దగ్గర ముద్ర తీసుకుని తండ్రి పాదాల దగ్గర పెట్టాడు. రణధీరుడు కళ్లు తుడుచుకుంటూ, "తమ్ముడూ, నాన్న ఆ ముద్ర నీకే ఇస్తాడని ఇన్నేళ్లూ మేమే నిన్ను చూసి కుళ్లుకున్నాం రా" అన్నాడు.

పింగళుడు నోరు తెరిచాడు. "నన్ను చూసా!"

మర్నాడే రాజు ఆచారం మార్చాడు. విడిదీపం వంతులవారీగా ఉండాలన్నాడు. ఈ కథ విని పొరుగు రాజు కూతురు కేతకి కుంభగిరి వచ్చింది.

"మీరు సముద్రం దాటినప్పుడు ముద్ర ఎవరికిచ్చారు?" అని అడిగింది.

"నాంచారమ్మకి."

"ఆవిడకేమైనా అయితే?"

అది పింగళుడికి తట్టనేలేదు! ఈ పిల్లనే చేసుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. పెళ్లి వైభోగంగా జరిగింది.

మరుసటి వసంతోత్సవంలో పింగళుడు మొదటిసారి మండపంలో కూర్చున్నాడు. మంత్రిగారు రెండు గంటలు ప్రసంగించారు. సేనాపతి ఇంకో గంట. అరిసెలు వచ్చేసరికి చల్లారిపోయాయి.

"ఇందుకా నేను పన్నెండేళ్లు ఏడ్చింది!" అన్నాడు కేతకి చెవిలో.

చేతికొచ్చిన రాజ్యాన్ని తిరిగిచ్చినవాడికే రాజ్యం ఇవ్వాలని మణిధ్వజుడు తన తర్వాత అతన్నే రాజుని చేశాడు. అన్నలు సరేనన్నారు, కాస్త కడుపుమంటతోనే అనుకోండి. పింగళుడూ కేతకీ నలభై ఏళ్లు చల్లగా ఏలారు.

ఇంక వెళ్లి పడుకోండర్రా!