నిండుకున్న గొయ్యి

అనగనగా, మన తాతల తాతలు ఇంకా పాకుతున్న రోజుల్లో, సుగంధపురమనే ఊళ్లో గవరశెట్టి అనే అత్తరు వర్తకుడు ఉండేవాడు. రాజుగారి కొలువుకు పన్నీరు అతనే పంపేవాడు. వాసనల విషయంలో మహా పట్టింపు మనిషి. అలాంటివాడి పెరట్లోనూ, అందరిళ్లలో ఉన్నట్టే, ఒక మురుగు గొయ్యి ఉండేది. నేలలోకి గుండ్రటి మట్టి ఒరలు ఒకదానిమీదొకటి దించి, పైన రాతిపలక వేసి మూశారు. దాని పేరెత్తడమే శెట్టికి చిన్నతనం.

ఒరలు చేసిన కుమ్మరి సూరమ్మ ఆనాడే చెప్పింది. "ఏటా వానలకు ముందు పలక తీసి చూసుకోండి శెట్టిగారూ. నిండకముందే తోడించండి. పగిలిన ఒర ఉంటే మార్పించండి."

శెట్టి ముక్కు మూసుకుని తల ఊపాడు. ఏడేళ్లు గడిచాయి. పలక కదల్లేదు.

ఒక వేసవి మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తోంది. పెరటి తూములోంచి బుడబుడమని చప్పుడైంది. ఆ వెనకే మెల్లగా, తడితడిగా ఒక గొంతు.

"శెట్టీ... నిండుకున్నాను."

శెట్టికి ముచ్చెమటలు పోశాయి. అంతలోనే ఊపిరి పీల్చుకున్నాడు. ఎందుకంటారా? ఆ ఇంట్లో "బియ్యం లేవు" అనకూడదు, అశుభం. "బియ్యం నిండుకున్నాయి" అనాలి. నూనె అయిపోయినా, ఉప్పు అయిపోయినా ఆయన భార్య వెంగమాంబ నోట వచ్చే మాట అదే.

"నిండుకుందంటే ఖాళీ అయిందనేగా! దానంతటదే ఖాళీ అయింది, పీడా పోయింది" అనుకున్నాడు పిచ్చి శెట్టి. తూములో చెంబుడు పన్నీరు పోసి, వెళ్లి పడుకున్నాడు.

వారం తిరిగేసరికి పెరట్లో కాకులు వాలడం మానేశాయి. పలక చుట్టూ అడుగు వేస్తే నేల మెత్తగా దిగుతోంది. ఆ మధ్యాహ్నం గొంతు స్నానాలగది బండల కిందనుంచి వచ్చింది.

"శెట్టీ... నిండుకున్నాను."

ఈసారి మరీ దగ్గరగా వినిపించింది. శెట్టి పలక మీద ఇంకో పలక వేయించి, చుట్టూ అత్తరు చల్లించాడు.

మూడో వారం అతని ఆరేళ్ల కూతురు మాణిక్యం మంచాన పడింది. వాంతులు, విరేచనాలు. పిల్ల కళ్లు లోతుకు పోయాయి. దాహం, దాహం అంటుంటే శెట్టి బావిలో చేద వేసి లాగాడు. పైకొచ్చిన నీళ్లు చేదలోనే బుడబుడలాడాయి. కూతురి నోట్లో పోయాల్సిన ఆ నీళ్లే పలికాయి.

"శెట్టీ... నిండుకున్నాను."

చేద చేజారింది. శెట్టి చెప్పులైనా వేసుకోకుండా సూరమ్మ ఇంటికి పరుగెత్తి, పిల్ల జబ్బూ బావి సంగతీ చెప్పాడు.

"గొయ్యి నిండుకున్నానంటోంది సూరమ్మా! ఖాళీ అయినదానికి ఈ గోలేమిటి?"

సూరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అది మీ వంటింటి మాటండీ. గొయ్యి ఆ మాటంటే నిండిందనే అర్థం. మీ తూములోంచి విన్న మాటలు తప్ప దానికింకేం వస్తాయి? ఆ బావినీళ్లు ఇక చుక్క ముట్టొద్దు. మా ఇంటి నీళ్లు కాచి, ఉప్పూ బెల్లమూ కలిపి పిల్లకి పట్టండి. కొత్త ఒరలు నేను దించుతాను. తోడేది మాత్రం మీరే. మీ ఇంటిదేగా!"

వెంగమాంబ పిల్ల దగ్గర కూర్చుంది. శెట్టీ సూరమ్మా కలిసి పలకలు జరిపారు. సూరమ్మ దీపాన్ని తాడుకు కట్టి దించితే ఠక్కున ఆరిపోయింది. "లోపలి గాలి మనిషిని మింగుద్ది. దిగకండి" అంది. ఒక రోజంతా తెరిచి వదిలేశారు. మర్నాడు పొడుగుకర్రకు కట్టిన కుండతో శెట్టి పైనుంచే తోడాడు. ముక్కు మూసుకుందామంటే చెయ్యి తీరిక లేదు. తోడిందంతా ఊరవతల బీడులో గోతిలో పోసి బూడిదా మట్టీ కప్పాడు. చివరికి చూస్తే, బావి వైపు ఒర నిలువునా పగిలి ఉంది.

ఆ గొయ్యి పూడ్చి, బావికి దూరంగా సూరమ్మ కొత్త ఒరలు దించింది. బావి నీళ్లన్నీ తోడిపోసి సున్నం వేశారు.

పన్నెండో రోజున మాణిక్యం లేచి కూర్చుని అన్నం అడిగింది. శెట్టి పిల్లను ఒళ్లోకి తీసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నా పట్టింపు నీ ప్రాణం మీదికి తెచ్చింది తల్లీ" అన్నాడు.

కాబట్టి పిల్లలూ, చూడటానికి సిగ్గుపడి మనం మూతపెట్టిన పని ఎప్పటికైనా మన మంచినీళ్లలోకే వస్తుంది.