నాలుగు వేళ్ల చోటు

ఓబులేశుకు వచ్చిన చిక్కల్లా ఒక డబ్బా.

కంబయ్యస్వామి ఆశ్రమంలో కంప్యూటర్ తయారవుతోంది. మదర్‌బోర్డు, ప్రాసెసరు, రెండు డిస్కులు, చేటంత తెర, మైకు, అన్నీ కర్నూలు భక్తుడొకడు తన ఆఫీసులో తీసేసినవి తెచ్చి స్వామి కాళ్ల దగ్గర పెట్టి పోయాడు. తెర, మైకు బయటుండేవే, మిగతావాటిని బిగించే డబ్బా ఒక్కటే లేదు. దాన్ని కేసు అంటారని, అది ఎంత చిన్నదైతే అంత గొప్పని ఓబులేశు ఆశ్రమంలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు.

చిన్నది కావడానికి కారణం లేకపోలేదు. ఆ కంప్యూటర్ ఒకచోట కూర్చునేది కాదు. ఆశ్రమమున్న ఆత్మకూరు నుంచి బస్సులో ఓబులేశు ఒళ్లో పోవాలి. బస్సు దిగాక మూడు కిలోమీటర్లు అతని భుజాన పోవాలి. అక్కడ చింతలపల్లెలో సుంకమ్మవ్వ ఉంది. ఎనభై దాటిన మనిషి. ఆమె పాడే తత్వాలు ఇంకెవరికీ రావు, ఏ కాగితం మీదా లేవు. ఆమెతో పోతే పోయినట్టే.

ఫోన్లో పట్టుకుంటే సరిపోదా అంటారేమో. రెండుసార్లు పట్టారు. ఒక ఫోను బావిలో పడింది, ఇంకోటి బస్సులో పోయింది. ఇక పాట పాడిన చోటే రెండు డిస్కుల్లో భద్రంగా పడాలని స్వామి అన్నాడు.

ఓబులేశు ఆ పనికి తగినవాడే. ఆశ్రమానికి రాకముందు నాలుగేళ్లు కర్నూల్లో కంప్యూటర్లు బిగించాడు. వచ్చాక ఆరేళ్లుగా వంట చేస్తూ తత్వం నేర్చుకున్నాడు. స్వామి సంప్రదాయంలో ఒక పెద్ద మాట ఉంది, బయలు. ఏమీ లేని చోటు అని అర్థం. కొత్తగా వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఆ ఏమీ లేని దాని గురించి ఓబులేశు గంటసేపు ఏకబిగిన చెప్పగలడు. స్వామి దాని గురించి మాట్లాడగా మాత్రం ఎవరూ వినలేదు.

కర్నూల్లో పాత స్నేహితుడు రహంతుల్లా దుకాణంలో రెండు కేసులు దొరికాయి. ఒకటి చెప్పుల డబ్బా అంత. రెండోది దానికంటే నాలుగు వేళ్లు ఎత్తు.

"పెద్దది తీసుకో ఓబులన్నా. చిన్నదాంట్ల గాలాడదు," అన్నాడు రహంతుల్లా.

"ప్రతి ముక్కా టేపు పెట్టి కొల్చుకోనొచ్చినా. సరిగ్గా పడతాది. నాకు చెప్పొద్దు."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని రహంతుల్లా చిన్నదే కట్టి ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఓబులేశు పనితనం చూడాల్సిందే. అన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కూర్చోబెట్టాడు. తీగలన్నీ మడిచి మూలలకు తోశాడు. మూత వేస్తే టక్కున పడింది. స్విచ్చి వేశాడు, వెలిగింది, ఆపేశాడు. తీసుకెళ్లి స్వామి ముందు పెట్టి మూత తీశాడు.

"సూది దూర్చే సందు లేదు సామీ."

"లేదా?"

"మీరే చూడండి."

స్వామి వంగి చూశాడు. "నిజమే, లేదు," అన్నాడు. మెచ్చుకున్నాడనే ఓబులేశు అనుకున్నాడు.

మర్నాడు పొద్దున చింతలపల్లెలో సుంకమ్మవ్వ తన ఇంటి గోడకు ఆనుకుని కూర్చుని ఏకతార అందుకుంది. పన్నెండు చరణాల తత్వం అది. ఆమె గురువు ఆమెకు ఒక్కసారే చెప్పాడట. ఆమె గొంతు పొద్దు బారెడెక్కేదాకానే. ఆ తర్వాత ఊపిరి చాలదు.

మూడో చరణానికి డబ్బాలోని చిన్న ఫ్యాను ముక్కడం మొదలుపెట్టింది. అయిదో చరణానికి కందిరీగల తుట్టె కదిలినట్టయింది. అవ్వ గొంతు పెంచి పాడింది. ఏడో చరణం సగంలో ఫ్యాను ఆగింది, తెర ఆరింది. ఓబులేశు డబ్బా మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. కాలిన పెనంలా ఉంది.

అవ్వ ఏకతార పక్కన పెట్టింది.

"నాకు రావాల్సిన ఆయాసం నీ పెట్టెకొచ్చెనే, నాయనా!" అని నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక అంది, "ఈపొద్దుకు నా చేత గాదు. శుక్రవారం రా. ఉంటే పాడ్తా."

ఆ 'ఉంటే' అన్న మాట బస్సులో దారిపొడవునా ఓబులేశును వదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆశ్రమం చేరేసరికి నేరం ఎవరిదో తేల్చుకున్నాడు.

"మదర్‌బోర్డు పాతది సామీ. పారేసేవన్నీ మనకిచ్చినారు."

"పెట్టె ఎట్లుంది?"

"పెట్టెకేమి సామీ, సూది దూర్చే సందు..."

"లేదంటివి గదా," అన్నాడు స్వామి. "పోయి పండుకో."

తెల్లవారి ఓబులేశు పొయ్యి రాజేస్తుంటే స్వామి తానే వంటింట్లోకి వచ్చాడు. ఆరేళ్లలో ఎన్నడూ వచ్చినవాడు కాదు. ఉట్టి కింద బోర్లించిన చిన్న తపేలా తీశాడు. పది మందికని ఓబులేశు కొలిచి పెట్టిన రెండు సేర్ల బియ్యం అందులో పోశాడు. అంచుదాకా సరిగ్గా సరిపోయాయి. అరచేత్తో పైన సర్ది ఓబులేశు ముందుకు జరిపాడు.

"ఈపొద్దు దీంట్ల వండు."

ఓబులేశుకు నవ్వొచ్చింది. "దీంట్లనా? ఇది చాల్దు సామీ."

"ఎందుకు చాల్దు? అన్నీ పట్టినాయి గదా. ఒక్క గింజన్నా కింద పడిందా?"

"బియ్యమైతే పట్టినాయి సామీ. అన్నం పట్టొద్దా? ఉడికితే..."

నిన్న డబ్బా మీద వేసి చటుక్కున తీసిన అరచెయ్యి చూసుకున్నాడు.

స్వామి చేతులకంటిన తవుడు కండువాకు తుడుచుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఓబులేశు ఆ బియ్యాన్ని చేటలోకి వంచాడు. ఆ తర్వాత పెద్ద తపేలాలో ఎసరు పెట్టి, పది మందికీ వండి వడ్డించి, తాను తినకుండానే కర్నూలు బస్సెక్కాడు.

రహంతుల్లా నాలుగు వేళ్లు ఎక్కువ ఎత్తున్న కేసును బల్ల మీదే పెట్టుకుని ఉన్నాడు. ఓబులేశు దాన్ని తీసుకున్నాడు. అరచెయ్యంత ఫ్యాను ఒకటి అడిగి తీసుకున్నాడు, మెల్లగా తిరిగేది. ఈసారి టేపు తీయలేదు. ఆశ్రమంలో బిగించి, మూత వేసి, నాలుగు గంటలపాటు ఆపకుండా నడిపించి, దాని పక్కనే చెవి ఒగ్గి కూర్చున్నాడు.

శుక్రవారం సుంకమ్మవ్వ ఉంది. పన్నెండు చరణాలూ పాడింది. ఆఖరి చరణం దగ్గర గొంతు వణికింది గానీ తెగలేదు. పాట ముగించి డబ్బా వంక అనుమానంగా చూసింది.

"ఏంది, ఈపొద్దు నీ పెట్టె ఏం మాట్లాడకపాయె?"

"వింటా ఉండాది అవ్వా."

ఆశ్రమానికి వచ్చి ఓబులేశు స్వామికి పాట వినిపించాడు. అవ్వ గొంతు, ఏకతార, దూరంగా ఎక్కడో ఒక కోడి. ఇంకే చప్పుడూ లేదు. స్వామి కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత డబ్బా మూత తీయించి, మొన్నటిలాగే వంగి చూశాడు. ఫ్యానుకీ డబ్బా అంచుకీ మధ్య వేళ్లు పెట్టి కొలిచాడు. సరిగ్గా నాలుగు.

"ఈ నాలుగు వేళ్ల చోట్ల ఏం పెట్టినావు?"

బయలు గురించి గంటసేపు చెప్పగల ఓబులేశు చేతులు కట్టుకుని తలవంచుకున్నాడు.

"ఏం పెట్టలేదు సామీ."

"బాగ పెట్టినావు," అన్నాడు స్వామి.