పాలు పోయని చలువబండ

రవ్వలకొండ తూర్పు చరియలో ఉన్న చలువసామి గుహకు తలుపు లేదు. ముందరి నల్లబండమీద పొద్దుటి పూట భక్తులెవరూ తమ నీడ పడనివ్వరు, పక్కగా ఒదిగి నడుస్తారు. పాలు తెచ్చినా ఇక్కడ పోయరు. కొత్తగా వచ్చినవారు విస్తుపోవడం సహజమే.

పూర్వం ఇక్కడ బొమ్మక్క అనే గొల్ల ఇల్లాలు గొర్రెలు మేపుకునేది. ఈ బండ పక్క నెర్రెలో ఒక జెర్రిపోతు పాము ఉండేది. చలికాలపు పొద్దుల్లో అది బయటికి వచ్చి బండమీద బారుగా పడుకునేది. ఒళ్లు కాగితే తప్ప చురుగ్గా కదలలేకపోయేది. వేసవిలో బండ కాలే వేళకు మళ్లీ నెర్రెలోకి జారుకునేది. పాపం, దాని ఒంట్లో సొంత వేడి లేదు, ఎండా నీడా చూసుకుని బతకడమే దానికి తెలిసిన విద్య.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఎండకు గొర్రెల పొదుగులు వట్టిపోయాయి. పాలందక పిల్లలు ఒక్కొక్కటే రాలిపోతుంటే బొమ్మక్క కడుపు తరుక్కుపోయింది. జెర్రిపోతు పొదుగు పట్టి పాలు తాగుతుందని కాపరుల నమ్మకం. "ఈ దొంగదే నా పిల్లల నోటికాడి పాలు తాగేస్తాండాది" అని ఆమె తీర్మానించుకుంది. మిట్టమధ్యాహ్నం అది లోపలికి దూరగానే నెర్రెను రాళ్లతో దిట్టంగా మూసేసింది.

ఆనాటి కలలో చెమటతో తడిసిన ముసలాయన ఒకరు కనిపించారు. "తలుపు మూసినావు కదమ్మా. అది ఎండకు యాడికి పోతాదో, ఎందుకు పోతాదో ఒక్కసారన్నా చూస్తివా?" అన్నారు. ఆ మాటలో కోపం లేకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

తెల్లవారగానే వెళ్లి రాళ్లు లాగింది. లోపలినుంచి చల్లని గాలి మొహానికి తగిలింది. గడ్డపారతో నెర్రెను వెడల్పు చేస్తే మందంతా పట్టే గుహ బయటపడింది. వెనక గోడన నీరు సన్నగా కారుతోంది. అక్కడి తడిరాతిని చుట్టుకుని జెర్రిపోతు ప్రాణాలతోనే ఉంది. బొమ్మక్క మందను లోపలికి తోలింది. నీడా నీరూ అందిన కొద్దిరోజులకే పొదుగులు నిండాయి, మిగిలిన పిల్లలు బతికాయి. పాము అక్కడే ఉంది, పాలూ ఉన్నాయి.

"నీమీద నింద మోపితిని సామీ. నువ్వు పాలు ముట్టనే లేదు" అని ఆమె పాముకు చేతులు జోడించి ఏడ్చింది.

ఆ తడిరాయే నేడు చలువసామిగా పూజలందుకుంటోంది. మధ్యాహ్న హారతి అయ్యాక గుహను పాములకు, గొర్రెలకు వదిలేస్తారు. భక్తులు తెచ్చిన పాలను బయట పసిపిల్లలకు తాగిస్తారు. తొందరపడి ఒకరిని నిందించినవారు ఆ పేరు ఇక్కడ పైకి చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని పెద్దలంటారు. బొమ్మక్క వంశంవారు ఏటా ఎండలు ముదిరే ముందు వచ్చి, పాత నెర్రెలో మిగిలిన సందుకు ఒక రాయి అడ్డుపెట్టి, మళ్లీ తమ చేత్తోనే తీస్తారు. అప్పుడు మొహానికి తగిలే చల్లగాలే ఇక్కడి ప్రసాదం.