మూడు తుమ్ముల నాంచారి

ఇది నేను చూసింది కాదు. మా అవ్వ చూసింది కాదు. మా అవ్వకు చెప్పిన ముసలామె కూడా చూసింది కాదు. అంత పాత ముచ్చట. అయినా ఎవరన్నా అబద్ధమంటే మాత్రం ఊకోను, ముందే చెప్తున్న.

ఒక వాగు. వాగు ఒడ్డున ఒక ఊరు. ఊరి చుట్టూ ఎటు చూసినా ఆముదపు చేండ్లే. ఆ ఊరి బట్టలన్నీ ఉతికేది నాంచారి. పొద్దుగాల మూటలు తెచ్చేది, వాగుల ఉతికేది, పక్కనే ఉన్న ఆముదపు చెట్ల మీద ఆరేసేది. వాళ్లమ్మ అట్లనే చేసింది. వాళ్లమ్మమ్మ అట్లనే చేసింది. ఆకులు వెడల్పుగ ఉంటయి, తాడు కట్టే పని లేదు.

బతుకమ్మ పండుగ పోయి చలి మొదలైందంటే ఆ ఊరికి తుమ్ములు పట్టేవి. కండ్లు దురద, ముక్కు కారుడు, గొంతుల గరగర. జ్వరం ఉండకపోయేది. నెలా నెలన్నర ఏడిపించి, ఎట్లొచ్చిందో అట్లే పోయేది ఆ బాధ.

తుమ్మంటే మనకు తెలిసిందే గదా! బయలెల్లేటప్పుడు ఒక్క తుమ్ము వినబడితే అపశకునం. బండి ఆపాలె, కాసేపు కూసోవాలె, మంచినీళ్లు తాగాలె. రెండు తుమ్ములైతే మంచిదే. మరి మూడైతే? అది ఎవరికీ తెల్వదు. మన నాంచారికేమో ఎప్పుడూ మూడే వచ్చేవి.

"హాఛ్! హాఛ్! హాఛ్!"

వాగు అవతలికి వినబడేది.

ఒక ఏడు ఊరి పటేలు సాంబిరెడ్డి బిడ్డకు సంబంధం ఖాయం చేసుకోవడానికి పొరుగూరికి బయలెల్లిండు. నాంచారి మూట నెత్తిన పెట్టుకొని ఎదురొచ్చింది. హాఛ్, హాఛ్, హాఛ్! పటేలు బండి దిగిండు. తెల్లారి మళ్ల బయలెల్లిండు. గోడ అవతలి నుంచి హాఛ్, హాఛ్, హాఛ్! మూడోనాడు కోడి కూయకముందే బయలెల్లిండు. వాగు కాడ హాఛ్, హాఛ్, హాఛ్! ఈ లోపల ఆ సంబంధం ఇంకెవరో తన్నుకపోయిన్రు.

పటేలుకు కోపం నషాళానికి ఎక్కింది.

"నాంచారీ! కార్తీకం ఎల్లేదాక గుట్ట మీద ఉండు. తిరిగొచ్చినంక ఒక్క తుమ్ము తుమ్మినా ఊరిడిసి పోవాలె. నీకే కాదు, తుమ్మి పని చెడగొట్టినోళ్లు ఎవరైనా సరే, ఇదే మాట!"

"పుట్టిన ఊరు పటేలా! నా పెనిమిటిని ఈ మట్టిలనే పెట్టిన. యాడికి పోవాలె నేను?"

నాంచారి గుట్ట ఎక్కింది. మనిషి వద్దన్నరు గానీ మనిషి చేసే పని మాత్రం కావాల్సొచ్చింది. మూడోరోజు నుంచి రోజూ మూటలు తెచ్చి గుట్ట కింద పెట్టి పోయేటోళ్లు. సిగ్గు లేకపోతే సరి!

గుట్ట మీద అంతా బండే. ఒక గుంటల నీళ్లు. ఆముదపు చెట్టు ఒక్కటి లేదు. మొదటిరోజు నాంచారికి తుమ్ములు తగ్గినయి. రెండోరోజు రానేలేదు. మూడోరోజు కండ్లు తేటపడ్డయి. "ఓసినీ, తుమ్ములు నన్నిడిసి ఊర్లనే ఉండిపోయినయా!" అని నవ్వుకుంటా కిందికి పోయి మూట తెచ్చి విప్పింది.

"హాఛ్! హాఛ్! హాఛ్!"

బట్టలు ఉతికి బండ మీద ఆరేసింది. మడత పెట్టేటప్పుడు తుమ్ము రాలే. ఇంకో మూట విప్పింది. మళ్ల మూడు. నాంచారికి అనుమానమొచ్చి పటేలు తెల్లపంచెను ఎండకు పట్టి చూసింది. మడతలల్ల సన్నగ పసుపు లెక్క ఏదో పొడి. వేలితోటి తీసి ముక్కు కాడ పెట్టుకుంది. ఎన్ని తుమ్ములొచ్చినయో మీరే చెప్పుండ్రి.

ఆముదం పూల పొడి! గాలికి ఎట్లాగూ కొంత వస్తది. ఆ కొంతకు తోడు ఇన్నేండ్ల సంది తనే ఆ పూల మీద బట్టలు ఆరేసింది, తనే మడత పెట్టి ఇంటింటికీ ఇచ్చింది. నాంచారి బండ మీద కూలబడి ఏడ్చింది.

కింద ఊర్ల ఏమైందో తెలుసా? బండ మీద ఆరిన బట్టలు కట్టుకునేసరికి తుమ్ములు సగానికి తగ్గినయి. "చూసిన్రా, నాంచారి పోయింది, శని పోయింది!" అన్నరు జనం. "అయితే ఇంక రానే వద్దు" అన్నడు పటేలు. మూట తెచ్చినామె ఆ మాట నాంచారి చెవినేసింది.

నిజం చెప్పకపోతే తనకు ఊరు లేకుంట పోతది. చెప్తే, "ఇన్నేండ్లు చేసింది నువ్వేనా" అని అప్పుడూ తరుముతరు. అయినా నాంచారి గుట్ట దిగింది.

"పటేలా, మూడు పంచెలిస్త. రోజుకొకటి కట్టుకోండ్రి. ఆ తర్వాత మీరెట్లంటే అట్ల."

మొదటిరోజు పంచె బండ మీద ఆరింది. పటేలు ముక్కు చీదిండు, తుమ్మలే. రెండోరోజుది ఇంట్ల పొయ్యి పక్కన ఆరింది. తుమ్మలే. మూడోరోజు చావడి కాడ ఊరంతా కూడింది. పటేలు పంచె కొంగుతోటి ముఖం తుడుచుకొని లేచి నిలబడ్డడు.

"నాంచారి ఈ రోజు నుంచి ఊరు... హాఛ్! హాఛ్! హాఛ్!"

అంతల ఒక ముసలామె మెల్లగ అడిగింది: "ఎవరైనా సరే ఇదే మాట అంటిరి గదా పటేలా... మరి మూట సదురుకుంటరా?"

ఊరంతా పడీపడీ నవ్వింది. పటేలు ముఖం ఎర్రగైంది. నాంచారి మాత్రం నవ్వలే. చెంబుతోటి నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"తాగటానికి కాదు పటేలా, కండ్లు, ముక్కు కడుక్కోండ్రి. ఈ పంచె ఆముదపు పూల మీద ఆరింది. ఇన్నేండ్లు అన్ని బట్టలూ అట్లనే ఆరేసిన. తప్పు నాదే. ఊరిడువమంటే ఇడుస్త."

పటేలు ముఖం కడుక్కున్నడు. చాలాసేపు కడుక్కున్నడు.

"నువ్వు యాడికీ పోవద్దు నాంచారీ. నిన్ను గుట్ట ఎక్కించింది నా తప్పు."

ఆ సంది ఆ ఊర్ల పూలప్పుడు బట్టలు ఇంట్లనో బండ మీదనో ఆరేసుడే. చేను నుంచి రాంగనే కాళ్ల కంటే ముందు ముఖం కడుగుడు, పండుకునేముందు తలకు నీళ్లు పోసుకునుడు, పొలం పనికి పోతే ముక్కుకు తడిగుడ్డ కట్టుడు. ముక్కు పట్టేస్తే వేడినీళ్ల ఆవిరి. ఆయాసమొస్తే మాత్రం వైద్యుని కాడికి పొమ్మనేది నాంచారి. "ఇది పొయ్యేది కాదు బిడ్డా, తగ్గేది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పేది.

నాంచారి ముసలిదై, ఆముదం పూసే నెలలనే కండ్లు మూసింది. పాడె లేపుతుంటే ముసలి పటేలు తుమ్మిండు. ఒకటి, రెండు, మూడు. పాత అలవాటు గదా, మోసేటోళ్లు ఠక్కున ఆగిన్రు.

"నడువుండ్రి" అన్నడు పటేలు, కండ్లు తుడుచుకుంటా. "తుమ్మిందని ఒకసారి ఆమెను ఊరవతల పెట్టిన. ఇప్పుడు ఆమె దారికి నా తుమ్ము అడ్డం కావొద్దు."

పాడె మళ్ల కదిలింది. ఇప్పటికీ ఆ ఊర్ల తుమ్ముకు ఏ బండీ ఆగదు. ఎవరన్నా వరసగ మూడు తుమ్మితే, పక్కనున్నోళ్లు చెంబు అందిస్తరు. "నాంచారవ్వ గుర్తు చేసింది, ముఖం కడుక్కో" అంటరు.