ఏడు చుట్ల రీలు

మైలపల్లి పోలయ్యకు అంకెలు చదవడం రాదు. ఎవరన్నా తనను చిన్నబుచ్చితే మరచిపోవడం అంతకన్నా రాదు. అయినా గేలం పట్టదలచిన ప్రతివాడూ చివరికి ఆయన గుమ్మం తొక్కవలసిందే.

ఆ ఉదయం ఎల్లాజీ గేలం దారం చుట్టే రెండు రీళ్ళు చంకన పెట్టుకుని తొక్కాడు. కొట్టువాడు సాయంత్రందాకా చూసుకోమని ఇచ్చాడు. ఒకటి ఉంచుకుని రెండోది తిరిగి ఇవ్వాలి. ఆ సంవత్సరం వంతెన దగ్గర అతని గేలానికి మూడు పండుగప్ప చేపలు తగిలి మూడూ పోయాయి. రేవులో అతన్ని ‘వదిలేసినోడు’ అంటున్నారు. నాలుగోది కూడా పోతే ఆ పేరు తన పిల్లలకూ అంటుకుంటుందని అతని భయం.

"మావా, దీని మీద ఐదని రాసుంది, దాని మీద ఏడని. ఏడు పెద్దది కదా, చేపని గట్టిగా లాగుతాదా?"

పోలయ్య తాంబూలం పెట్టెలోంచి సున్నం తీసి రెండింటికీ తిరిగే చోట ఒక్కో చుక్క పెట్టాడు. "పిడి ఒక్క తిప్పు తిప్పు. చుక్క ఎన్నిసార్లు వస్తాదో చూడు."

మొదటిదానికి ఐదుసార్లు వచ్చింది. రెండోదానికి ఏడుసార్లు.

తరువాత ఆయన తన గేలం కర్ర కూడా పట్టుకుని అతన్ని వంతెన మీదికి తీసుకుపోయాడు. దారం చివర పెద్ద చెంబు కట్టించి, ఎల్లాజీ కర్రకే రీళ్ళు మార్చి మార్చి బిగించమన్నాడు. ఖాళీ చెంబును ఏడు చుట్లది రివ్వున లాక్కొచ్చింది. నీళ్ళు నిండిన చెంబు దగ్గర మాత్రం పిడి సగంలో మొరాయించింది. ఐదు చుట్లది అదే చెంబును నింపాదిగా పైకి తెచ్చి పెట్టింది.

"తెలిసింది మావా! ఐదుదే ఉంచుకుంటాను."

"ఏటి తెలిసింది నీ మొహం? ఆ మూడు చేపలూ దారం తెంపుకు పోయాయా?"

ఎల్లాజీ ఒక్కోదాన్నీ గుర్తు చేసుకున్నాడు. లేదు. మూడూ తన వైపే దూసుకొచ్చాయి. చుట్టేలోపు దారం వదులైంది, చేప తల విదిలించింది, గేలం ఊడి నీళ్ళలో వేలాడింది. మూడుసార్లూ అంతే. బలం చాలక ఒక్కటీ పోలేదు.

వదులైన దారాన్ని గబగబా చుట్టాలంటే ఏడు చుట్లదే కావాలి. అతను ఐదు చుట్లదాన్ని తుడిచి, కొట్టువాడికి ఇవ్వడానికి అట్టపెట్టెలో పెట్టాడు. ముసలాయన కర్రకున్న పాత రీలు అప్పుడు అతని కంటబడింది.

"మరి నీదెన్ని చుట్లది మావా?"

"నెమ్మదిదే. బరువులు లాగేది." పోలయ్య చెంబులో నీళ్ళు కాలవలోకి ఒంపేశాడు. "పోయినేడు నలుగురిలో ‘అంకెలు రానోడికి ఏటి తెలుసు’ అన్నావు, గుర్తుందా? ఆ మాటని ఇంకా చుడుతూనే ఉన్నానురా."